పిల్లల బ్లడ్ క్యాన్సర్‌ను తొలిసారి వెనక్కి తగ్గించిన మందు.. తయారు చేయించింది మన తెలుగాయనే! మరి ఆ పత్రంలో పేరెందుకు లేదు?

చంద్రశేఖరపురం: సీఎస్‌పురం మండలంలో గర్భిణి ఉన్న ఏ ఇంటికైనా వెళ్లండి. గూట్లోనో, టీవీ పక్కనో ఎర్ర మాత్రల షీటు ఒకటి కనిపిస్తుంది. ఆశా కార్యకర్త ఇచ్చి వెళ్లినవి. ఊళ్లో కొందరు ‘ఐరన్ మాత్ర’ అంటారు, కొందరు ‘రక్తం మాత్ర’ అంటారు. కానీ అందులో ఐరన్ ఒక్కటే ఉండదు. 60 మిల్లీగ్రాముల ఐరన్‌తో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ కూడా ఉంటుంది.

ఆ ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారు చేసిన టీమ్‌ను నడిపించింది ఒక తెలుగాయన. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. ఊరు భీమవరం. కథ అక్కడితో ఆగలేదు. ఫోలిక్ యాసిడ్‌కు సరిగ్గా వ్యతిరేకంగా పనిచేసే మందు కూడా ఆయన టీమ్ నుంచే వచ్చింది. బ్లడ్ క్యాన్సర్‌తో చనిపోతున్న పిల్లల్లో జబ్బు వెనక్కి తగ్గడాన్ని డాక్టర్లు తొలిసారి కళ్లారా చూసింది ఆ మందుతోనే.

అయితే 1948లో ఆ విషయాన్ని ప్రపంచానికి చెప్పిన పరిశోధనా పత్రంలో రాసినవాళ్ల పేర్లు చూస్తే.. సుబ్బారావు పేరు ఉండదు. ఎందుకు? ఒక సైంటిస్ట్ గొప్పతనాన్ని పత్రాల లెక్కతో కొలవొచ్చా? ఈ లెక్కలతో మనలాంటి మామూలు జనానికి పనేంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఇది తెలుసుకోండి.. పబ్లికేషన్ రికార్డు అంటే ఏంటి?

సైంటిస్ట్ ఏదైనా కొత్త విషయం కనుక్కుంటే దాన్ని ఒక పత్రంగా రాసి జర్నల్‌కు పంపుతారు. అదే రంగంలోని వేరే నిపుణులు దాన్ని చదివి, తప్పులు వెతికి, సరే అంటేనే అచ్చు వేస్తారు. అలా అచ్చయిన పత్రాల మొత్తమే ఆ సైంటిస్ట్ పబ్లికేషన్ రికార్డు.

పత్రాలు ఎన్ని అన్నది ఒక లెక్క. వాటిని ఎంతమంది వాడుకున్నారు అన్నది ఇంకో లెక్క. వేరే సైంటిస్టులు తమ పత్రం రాసేటప్పుడు ‘ఈ విషయం ఫలానా పత్రం నుంచి తీసుకున్నాం’ అని చెబుతారు కదా, దాన్ని సైటేషన్ అంటారు. ఎన్ని సైటేషన్లు వస్తే ఆ పత్రాన్ని అంతమంది వాడుకున్నట్టు.

ఈ రెండింటినీ కలిపి ఒకే అంకెలో చెప్పడానికి 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ‘హెచ్ ఇండెక్స్’ అనే కొలత తెచ్చారు. అర్థం చేసుకోవడం తేలికే. ఒకరి హెచ్ ఇండెక్స్ 20 అంటే, వాళ్లు రాసిన వాటిలో కనీసం 20 పత్రాలు ఉన్నాయి, ఆ 20లో ఒక్కోదాన్ని కనీసం 20 సార్లు వేరేవాళ్లు వాడుకున్నారు అని. వంద పత్రాలు రాసినా ఎవరూ పట్టించుకోకపోతే ఈ అంకె పెరగదు. ఒకే ఒక్క పత్రం రాసి, దాన్ని ప్రపంచమంతా వాడుకున్నా కూడా ఈ అంకె ఒకటి దాటదు. చిక్కంతా ఇక్కడే ఉంది. ఇప్పుడు ఉద్యోగాలు, ప్రమోషన్లు, గ్రాంట్లు చాలాచోట్ల ఈ అంకెలు చూసే ఇస్తున్నారు.

మరి సుబ్బారావును ఈ త్రాసులో పెడితే?

భీమవరం నుంచి బోస్టన్‌కు

సుబ్బారావు పుట్టింది 1895 జనవరి 12న. చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదు. తర్వాత మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. అది గాంధీ పిలుపుతో విదేశీ బట్ట వదిలేస్తున్న కాలం. ఆయన ఖద్దరు వేసుకుని ఆపరేషన్ గదిలోకి వెళ్లారు. తెల్లదొర ప్రొఫెసర్‌కు నచ్చలేదు. పరీక్షలు బాగా రాసినా చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ సర్టిఫికెట్.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. ఆయన సోదరులు ఇద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎండిపోతాడు. సుబ్బారావుకూ అదే జబ్బు వస్తే ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి వైద్యంతో బయటపడ్డారు. స్ప్రూ రోగుల ఒంట్లో తగ్గిపోయే వాటిలో ఫోలిక్ యాసిడ్ ఒకటని వైద్యులకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత. అప్పటికి ఆ పదార్థానికి పేరు కూడా లేదు.

దాతల సాయంతో, మామగారి అండతో 1920ల మొదట్లో ఆయన బోస్టన్‌లోని హార్వర్డ్‌కు వెళ్లారు. చేతిలో డబ్బుల్లేవు. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో కూలి పని. రోగుల మూత్రం పాత్రలు కడిగి ఫీజు కట్టుకున్నారు.

వందేళ్లయినా వాడుతున్న పత్రం

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసర్ దగ్గర చేరారు. 1925లో ఇద్దరూ కలిసి ‘జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ’లో ఒక పత్రం వేశారు. విషయం వింటే ‘ఇంతేనా’ అనిపిస్తుంది. రక్తంలో, మూత్రంలో ఫాస్పరస్ ఎంత ఉందో రంగును బట్టి చెప్పే పద్ధతి.

ఎలా పనిచేస్తుందంటే.. శాంపిల్‌లో మాలిబ్డేట్ అనే రసాయనం కలుపుతారు. అది ఫాస్ఫేట్‌ను పట్టుకుంటుంది. ఆ తర్వాత ఇంకో రసాయనం వేస్తే నీలం రంగు వస్తుంది. ఫాస్పరస్ ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత ముదురుగా ఉంటుంది. ఆ రంగు ముదురును కొలిస్తే లెక్క వచ్చేసినట్టే. చవక, త్వరగా అయిపోతుంది, ఏ ల్యాబ్‌లోనైనా చేసుకోవచ్చు.

దీన్ని ప్రపంచమంతా ‘ఫిస్క్-సుబ్బారో పద్ధతి’ అనే పిలుస్తుంది. బయోకెమిస్ట్రీ చదివే పిల్లలను అడగండి, పేరు చెప్పగానే గుర్తుపడతారు. ఈ ఒక్క పత్రాన్నే సైంటిస్టులు వేల సార్లు తమ పత్రాల్లో పేర్కొన్నారు. సైటేషన్ల లెక్కలో చూస్తే సుబ్బారావు పేరు మీద ఉన్న అతిపెద్ద ఆస్తి ఇదే. బ్లడ్ క్యాన్సర్ మందు కాదు!

కండరానికి ఛార్జింగ్ ఎక్కడిది?

ఆ పద్ధతితోనే ఇద్దరూ కండరాల్లో ఏముందో వెతకడం మొదలుపెట్టారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని బయటపెట్టారు. 1929లో ‘సైన్స్’ జర్నల్‌లో ఏటీపీ గురించి రాశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్నే కనుక్కున్నారు.

ఏటీపీ అంటే మన ఒంట్లోని ప్రతి కణం వాడే ఛార్జింగ్ లాంటిది. ఇప్పుడు ఇంటర్ పిల్లలు కూడా చదువుకునే పాఠం. కానీ అప్పటికి కండరం పనిచేయడానికి లాక్టిక్ యాసిడే ముఖ్యం అని నమ్మేవాళ్లు. 1922 నోబెల్ అందుకున్న హిల్, మేయర్‌హాఫ్‌ల పరిశోధన ఆ నమ్మకానికి ఆధారం. ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ వచ్చాక ఆ పాఠం మార్చుకోవాల్సి వచ్చింది.

1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది. హార్వర్డ్‌లో పర్మనెంట్ ఉద్యోగం మాత్రం రాలేదు. ఫిస్క్ ల్యాబ్‌లో పనిచేసిన జార్జ్ హిచింగ్స్ ఆ తర్వాత చెప్పిన మాట ఒకటి బాగా ప్రచారంలో ఉంది. సుబ్బారావు అప్పట్లోనే వేరుచేసిన కొన్ని పదార్థాలను తర్వాత ఇతరులు మళ్లీ కొత్తగా కనుక్కోవాల్సి వచ్చిందని, ఫిస్క్ వాటిని బయటకు రానివ్వకపోవడమే కారణమని ఆయన అభిప్రాయం. ఈ హిచింగ్స్ ఎవరో కాదు, 1988లో నోబెల్ అందుకున్న సైంటిస్ట్. ఆయన పేరు గుర్తుపెట్టుకోండి, కథలో మళ్లీ వస్తారు.

ఇక్కడ ఒక విషయం అర్థమవుతుంది. అచ్చు కాని పని రికార్డులోకి రాదు. రికార్డులో లేని పని చేసినా చేయనట్టే లెక్క.

కంపెనీలోకి వెళ్లాక మారిన లెక్క

1940లో సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీ ల్యాబ్‌కు వెళ్లారు. అక్కడ పరిశోధన మొత్తానికి డైరెక్టర్ అయ్యారు. యూనివర్సిటీలో పత్రమే ముఖ్యం. కంపెనీలో అలా కాదు. పేటెంట్ ముఖ్యం, మందు బయటకు రావడం ముఖ్యం. పని పదుల మంది చేస్తారు. బెంచ్ దగ్గర నిలబడి రసాయనం కలిపినవాళ్ల పేరు పత్రం మీద పడుతుంది. ఏ సమస్య పట్టుకోవాలో, ఏ దారిలో వెళ్లాలో చెప్పిన డైరెక్టర్ పేరు చాలాసార్లు ఉండదు.

అక్కడ ఆయన మొదట పట్టుకున్నది లివర్‌లో ఉండే ఒక పదార్థాన్ని. దీని వెనుక మన దేశానికి సంబంధించిన కథ ఒకటి ఉంది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే బ్రిటిష్ డాక్టర్ బొంబాయి వచ్చారు. మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు విపరీతంగా రక్తం తగ్గిపోతోంది. ఈస్ట్ నుంచి తీసిన చవక పదార్థం తినిపిస్తే వాళ్లు కోలుకుంటున్నారని ఆమె గమనించారు. అందులో ఏదో ఉంది. ఏంటో తెలియదు. 1941లో వేరే అమెరికన్ సైంటిస్టులు పాలకూర ఆకుల నుంచి అలాంటి పదార్థాన్నే తీసి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు.

టన్నుల కొద్దీ ఆకు తెచ్చి పిండితే చిటికెడు వస్తే జనానికి ఏం సరిపోతుంది? ల్యాబ్‌లోనే తయారు చేయాలి. 1945, 46లో లెడర్లీ టీమ్ ఆ పని చేసి చూపించింది. ‘సైన్స్’లో వచ్చిన ఆ పత్రం మీద పదిమందికి పైగా పేర్లు ఉన్నాయి. ఆ గుంపులో సుబ్బారావు పేరూ ఒకటి.

ఇప్పుడు మన ఏఎన్ఎం ఇచ్చే ఎర్ర మాత్రలో ఉన్నది ఆ దారిలో వచ్చిందే. రక్తం పట్టడానికే కాదు, కడుపులో బిడ్డ వెన్నెముక, మెదడు సరిగ్గా ఏర్పడటానికీ ఫోలిక్ యాసిడ్ కావాలి. బిడ్డకు ఆ లోపాలు వచ్చే ముప్పును ఇది బాగా తగ్గిస్తుందని 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ అధ్యయనం తేల్చింది.

దొంగ తాళంచెవి.. బ్లడ్ క్యాన్సర్ మందు పుట్టింది ఇలా

అదే సమయంలో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ ఉన్నారు. ఆయన ముందు లుకేమియా పిల్లలు. అప్పట్లో ఆ జబ్బు వస్తే పిల్లలు వారాల్లోనో, కొన్ని నెలల్లోనో చనిపోయేవాళ్లు. డాక్టర్ల చేతిలో ఏమీ ఉండేది కాదు.

ఫోలిక్ యాసిడ్ రక్తానికి మంచిది కదా అని, ఆ కోవకు చెందిన పదార్థాలను ఫార్బర్ ఈ పిల్లలకు ఇచ్చి చూశారు. ఫలితం తలకిందులైంది. కొందరిలో లుకేమియా కణాలు ఇంకా వేగంగా పెరిగాయి.

ఎందుకంటే, కణం రెండుగా విడిపోవాలంటే ముందు తన డీఎన్ఏకి ఇంకో కాపీ తయారు చేసుకోవాలి. దానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. లుకేమియా కణాలు ఆగకుండా విడిపోతూనే ఉంటాయి. వాటికి ఫోలిక్ యాసిడ్ పెట్టడమంటే మంటలో కిరోసిన్ పోసినట్టే అయింది.

ఇక్కడే ఆలోచన తిరగబడింది. ఇస్తే పెరుగుతోంది అంటే.. అందకుండా చేస్తే?

అలా చేయగల పదార్థాలు లెడర్లీలో తయారవుతున్నాయి. చూడ్డానికి అచ్చం ఫోలిక్ యాసిడ్‌లాగే ఉంటుంది, ఒక చిన్న ముక్క మాత్రం తేడా. దొంగ తాళంచెవి అనుకోండి. తాళంలోకి వెళ్తుంది, తిరగదు, బయటకీ రాదు. అసలు తాళంచెవికి చోటు లేకుండా చేస్తుంది. ఈ మందు కూడా కణంలో ఫోలిక్ యాసిడ్‌ను పనికొచ్చే రూపంలోకి మార్చే ఎంజైమ్‌కు అతుక్కుని దాన్ని ఆపేస్తుంది. డీఎన్ఏ తయారీ ఆగిపోతుంది. కణం చచ్చిపోతుంది.

అలాంటి మందుల్లో బాగా పనిచేసింది అమినోప్టెరిన్. ఫార్బర్ 1947 చివర్లో దాన్ని పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టారు. 1948 జూన్ 3న ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో పత్రం వచ్చింది. 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో మెరుగుదల కనిపించింది. ఇది తాత్కాలికమే అని ఫార్బర్ పత్రం శీర్షికలోనే చెప్పారు. పిల్లలకు జబ్బు మళ్లీ తిరిగి వచ్చేది. అయినా లుకేమియాను మందుతో వెనక్కి నెట్టొచ్చు అని తెలిసింది అప్పుడే.

ఇంతకీ ఆయన పేరు ఎక్కడుంది? ఎక్కడ లేదు?

ఒకసారి లెక్క చూద్దాం.

* 1925, ఫాస్పరస్ పద్ధతి: పేరు ఉంది. ఫిస్క్ తర్వాత రెండో పేరు.
* 1927, 1929, ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ: పేరు ఉంది. మళ్లీ రెండో స్థానమే.
* 1945-46, ఫోలిక్ యాసిడ్ తయారీ: పేరు ఉంది. పదిమందికి పైగా ఉన్న జాబితాలో ఒకటి.
* 1947, అమినోప్టెరిన్ తయారీ గురించి అమెరికన్ కెమికల్ సొసైటీ జర్నల్‌లో వచ్చిన పత్రం: సీగర్, స్మిత్, హల్ట్‌క్విస్ట్ అనే ముగ్గురి పేర్లు. సుబ్బారావు పేరు లేదు.
* 1948, పిల్లల లుకేమియా పత్రం: ఫార్బర్‌తో కలిపి ఐదుగురి పేర్లు. సుబ్బారావు పేరు లేదు.

అంటే బ్లడ్ క్యాన్సర్ వైద్యాన్నే మార్చేసిన రెండు ముఖ్యమైన పత్రాల్లోనూ ఆయన రచయిత కాదు. ఇందులో ఎవరో దొంగతనం చేశారని కాదు. సీగర్ బృందం నిజంగానే మందు తయారు చేసింది. ఫార్బర్ బృందం నిజంగానే పిల్లలకు వైద్యం చేసింది. పని చేసినవాళ్ల పేర్లే ఉన్నాయి. కానీ ఫోలిక్ యాసిడ్ వైపు ల్యాబ్‌ను నడిపించిన మనిషికి ఆ జాబితాలో ఒక గడి లేదు. సైటేషన్ లెక్కించే కంప్యూటర్ పేర్ల జాబితానే చూస్తుంది. ఆ పేర్ల వెనుక ఎవరున్నారో దానికి తెలియదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆయన పేరును ఇంగ్లిష్‌లో ఒక్కోచోట ఒక్కోలా రాశారు. సుబ్బారో అని కలిపి, సుబ్బా రో అని విడగొట్టి, సుబ్బారావు అని.. ఇలా. పేరుతో వెతికితే రికార్డు ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది.

ప్రచారం కోసం పాకులాడే మనిషి కూడా కాదు. ఫార్బర్ పత్రం వచ్చిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే చనిపోయారు. వయసు 53. వెళ్లేటప్పుడు మళ్లీ వస్తానని భార్య శేషగిరికి చెప్పిన మాట, మాటగానే మిగిలిపోయింది. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డను ఆయన చూడనే లేదు.

పత్రంలో లేని పేరు.. ఆసుపత్రుల్లో ఉన్న పని

అమినోప్టెరిన్ తర్వాత దానికి తమ్ముడిలాంటి మందు అదే ల్యాబ్ నుంచి వచ్చింది. పేరు మెథోట్రెక్సేట్. కాస్త సురక్షితం కావడంతో అమినోప్టెరిన్ స్థానాన్ని అదే తీసుకుంది. డెబ్బై ఐదేళ్లు దాటినా ఇప్పటికీ వాడుకలో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలోనూ ఉంది.

పిల్లల్లో ఎక్కువగా వచ్చే ఏఎల్ఎల్ అనే బ్లడ్ క్యాన్సర్‌కు చికిత్స రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది. అందులో సుదీర్ఘమైన చివరి దశలో ప్రధానంగా ఇచ్చేది రెండు మాత్రలు. వారానికోసారి మెథోట్రెక్సేట్, రోజూ 6-మెర్కాప్టోప్యూరిన్. ఈ రెండో మందు ఎవరిదో తెలుసా? గెర్ట్రూడ్ ఎలియన్‌ది, ఇందాక మనం చెప్పుకున్న హిచింగ్స్‌ది. ఒకప్పుడు ఒకే ల్యాబ్‌లో పనిచేసిన ఇద్దరి పరిశోధనల నుంచి వచ్చిన మందులు ఇప్పుడు ఒకే పిల్లాడి మాత్రల డబ్బాలో పక్కపక్కన ఉంటాయి. ఒకరికి నోబెల్ వచ్చింది. ఇంకొకరి పేరు చాలామంది వినలేదు.

వైద్య సదుపాయాలు బాగా ఉన్న దేశాల్లో ఏఎల్ఎల్ వచ్చిన పిల్లల్లో దాదాపు 90 శాతం మంది ఇప్పుడు బతుకుతున్నారు. మెథోట్రెక్సేట్ ఒక్కదాని వల్లే కాదు, చాలా మందులు కలిపి వాడటం వల్ల. కానీ మొదటి మెట్టు ఇదే. గర్భసంచిలో వచ్చే కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌ను 1950ల్లో పూర్తిగా నయం చేసిందీ ఈ మందే. కీళ్లవాతానికి కూడా తక్కువ డోసులో వాడతారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకోవాలేమో అనుకుని వేసుకుంటే ప్రాణాల మీదకు వస్తుంది. ఇంట్లో అవ్వాతాతలు ఈ మాత్ర వాడుతుంటే ఏ రోజు వేసుకోవాలో షీటు మీద పెన్నుతో రాసిపెట్టండి.

లెడర్లీలో ఆయన హయాంలోనే ఇంకో రెండు మందులు వచ్చాయి. ఒకటి 1947లో వచ్చిన డీఈసీ. బోదకాలు నివారణకు ఇంటింటికీ తిరిగి మింగించే మాత్ర ఇదే. ఇంకోటి టెట్రాసైక్లిన్ జాతిలో మొదటి యాంటీబయాటిక్ ఆరియోమైసిన్. దాన్ని కనుక్కున్నది బెంజమిన్ డగ్గర్, ఆయన పనిచేసింది సుబ్బారావు డైరెక్టర్‌గా ఉన్న ల్యాబ్‌లో.

అయితే రికార్డు చూడటం దండగా?

అస్సలు కాదు. సుబ్బారావు కథ చదివి ‘పత్రాలు లేకపోయినా గొప్పోళ్లు ఉంటారు కదా’ అని ఎవరిని పడితే వాళ్లను నమ్మితే మునిగిపోతాం. ఆయన పేరు లేకపోవచ్చు గానీ, ఆయన ల్యాబ్ నుంచి వచ్చిన మందు గురించి పత్రం ఉంది. ఎంతమందికి ఇచ్చారు, ఎంతమందికి పనిచేసింది, ఎంతమందికి పనిచేయలేదు అన్నీ అందులో ఉన్నాయి. వేరే డాక్టర్లు అదే మందు ఇచ్చి చూసుకున్నారు.

‘మా పొడితో బ్లడ్ క్యాన్సర్ మాయం’ అని వాట్సాప్‌లో వీడియో వస్తే ఈ మూడు ప్రశ్నలు అడగండి.

* ఇది ఏ వైద్య జర్నల్‌లో వచ్చింది? వీడియో, పేపర్ ప్రకటన లెక్కలోకి రావు.
* ఎంతమందికి ఇచ్చారు? ఎంతమందికి తగ్గలేదు? వందకు వంద శాతం అంటే అనుమానించాల్సిందే.
* అమ్మేవాళ్లు కాకుండా వేరేవాళ్లు ఎవరైనా పరీక్షించి చూశారా?

సమాధానం దాటేస్తుంటే మీరూ ఆ వీడియో దాటేయండి.

పశ్చిమ ప్రకాశం తల్లిదండ్రులు మరిచిపోకూడనిది

మన దగ్గర పిల్లలు పాలిపోయి కనిపిస్తే ‘రక్తం తక్కువైంది’ అని టానిక్ తెచ్చి పోస్తాం. చాలాసార్లు అది మామూలు రక్తహీనతే. కానీ పాలిపోవడంతో పాటు తగ్గని జ్వరం, దెబ్బ తగలకుండానే ఒంటి మీద నల్లగా కమిలిన మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం, కాళ్ల ఎముకల నొప్పి, మెడ దగ్గర గడ్డలు.. ఇవి ఉంటే టానిక్‌తో కాలయాపన చేయొద్దు. కనిగిరిలోనో, పామూరులోనో, మార్కాపురంలోనో సీబీపీ అనే మామూలు రక్త పరీక్ష చేయిస్తే తేడా ఉందో లేదో మొదటి సూచన దొరుకుతుంది. ఆ తర్వాత పెద్దాసుపత్రికి వెళ్లాలా అన్నది డాక్టర్ చెబుతారు. క్యాన్సర్ చికిత్సకు ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుంది. ఆసుపత్రిలోని ఆరోగ్య మిత్రను అడగండి.

ఇంకో మాట. మన దేశంలో పిల్లల బ్లడ్ క్యాన్సర్ చికిత్స విఫలం కావడానికి ఒక పెద్ద కారణం మధ్యలో ఆపేయడం. మొదటి నెలలోనే పిల్లాడు లేచి ఆడుకుంటాడు. తగ్గిపోయింది కదా, ఛార్జీలు ఎందుకు, కూలి ఎందుకు పోగొట్టుకోవడం అని ఆపేస్తారు. 1948లో ఫార్బర్ చూసింది కూడా ఇదే. తగ్గినట్టే ఉంటుంది, మళ్లీ వస్తుంది. అందుకే రెండు మూడేళ్ల కోర్సు.

అలాగే, ఫోలిక్ యాసిడ్ లుకేమియా కణాలను పెంచింది అని చదివి ఎర్ర మాత్రలు ఆపేయకండి. అది అప్పటికే జబ్బు ఉన్న పిల్లల సంగతి. గర్భిణులకు ఆ మాత్ర కావాలి. 180 రోజులు తప్పకుండా వేసుకోవాలి. ఏ అనుమానం ఉన్నా ఏఎన్ఎంనో, డాక్టర్‌నో అడగాలి గానీ సొంతంగా మానేయకూడదు.

చివరిగా

సుబ్బారావు చనిపోయాక ఒక ఫంగస్ జాతికి ‘సుబ్బారోమైసిస్’ అని పేరు పెట్టారు. 1995లో ఆయన వందో జయంతికి భారత తపాలా శాఖ స్టాంపు విడుదల చేసింది. నోబెల్ రాలేదు. పాఠ్యపుస్తకాల్లో ఏటీపీ ఉంటుంది, పక్కన ఆయన పేరు చాలాసార్లు ఉండదు.

ఈసారి ఆశా కార్యకర్త ఎర్ర మాత్రల షీటు ఇచ్చినప్పుడు వెనక్కి తిప్పి చదవండి. ఐరన్ కింద ఫోలిక్ యాసిడ్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాని పక్కన ఎవరి పేరూ ఉండదు. ఇంట్లో పిల్లలు ఇది ఎవరు చేశారని అడిగితే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, ఆయన టీమ్ అని చెప్పండి.